ఆరు సరుగుడు మొక్కలతో చలికాలంలోకి

ఖతార్ ఉత్తరపు కొసన మంచుదేశపు అడవి ఒకటి ఉందని చెబితే దోహాలో మేముండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ విల్లాలో పదకొండుమందిలో ఒక్కరూ నమ్మలేదు. ఇంతకుముందు నేను చెప్పినవీ నమ్మలేదు కాబట్టి తప్పు వాళ్ళది కాదు. కానీ ఈసారి నిజమే చెప్పాను. ఆ అడవికి ఒక శుక్రవారం వెళ్ళి సాయంత్రానికల్లా ప్రాణాలతో తిరిగి వచ్చాను కూడా. ఎవరైనా వెళ్ళదలచుకుంటే ఉపయోగపడుతుందని వివరాలు రాస్తున్నాను.

పీపా చమురు ధర రోజూ ఒక మెట్టు ఎక్కుతున్న రోజులవి. దోహాలో డబ్బున్నవాళ్ళందరూ మేడమీద మేడ కడుతున్నారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి మాత్రం అడవి కట్టాడు. ఆయన్ని మేమందరం ముదీర్ అంటాం, అంటే పెద్దసారు అని. కుర్రతనంలో ఫిన్లండ్‌లో మూడేళ్ళు చదువుకున్నాడట. అక్కడి చెట్ల మీద మనసు పోయింది. దేశపు ఉత్తరపు కొసన తన తోటలో అద్దాల కప్పుతో నాలుగు కల్యాణమండపాలంత హాలు వేయించాడు. సరే, ఒక కల్యాణమండపం అనుకోండి. దానికి ఎనిమిది శీతల యంత్రాలు బిగించి, లోపల ఫిన్లండ్ నుంచి విమానంలో తెప్పించిన మొక్కలు నాటించాడు. పనివాళ్ళను పంపింది మా కంపెనీ. ఆ మొక్కల పెట్టెలు దింపుకుని సంతకం పెట్టింది స్టోర్ కీపర్ అయిన నేను.

పెట్టెలతో పాటు నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. ఏ చెట్టుకు ఏం కావాలో అందులో ఉంది. దాన్ని నా సొరుగులో పెట్టుకున్నాను. మొదటి మూడు పేజీలు చదివాను. మిగతా ముప్పై ఏడు పేజీల సంగతీ చదవకుండానే అందరికీ చెప్పాను.

విన్నవాళ్ళలో లచ్చన్న ఒకడు. నిర్మల్ దగ్గరి టేకు అడవుల వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. అంతకుముందు రెండు ఎండాకాలాలు సైట్లో షట్టరింగ్ పని చేశాడు, రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. రెండోసారి పడినప్పుడు డాక్టరు, మూడోసారి పడితే లేవడం కష్టమన్నాడు. చెట్ల గురించి తెలిసినవాడని నేనే చెప్పి ఈ చలిగదిలో కాపలా డ్యూటీ వేయించాను. గల్ఫ్‌కు వచ్చి స్వెట్టరు వేసుకుని పనిచేసే ఏకైక తెలుగువాడు అతనే అయి ఉండాలి. మొదటిరోజు అతన్ని చెట్ల మధ్య నిలబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. "ఇవి మంచుదేశపు చెట్లు లచ్చన్నా. పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒక్క ఆకు రాల్చవు. రాల్చిందంటే ఇక దాని పని అయిపోయినట్టే." ఈ ముక్క ఏ పేజీలోనూ లేదు. నోటికి అందంగా తగిలింది, అనేశాను.

బుధవారం లచ్చన్న ఫోన్ చేశాడు. లార్చ్ అనే జాతి చెట్లు ఆరు పసుపు రంగుకు తిరిగి, సూదుల్లాంటి ఆకులన్నీ రాల్చేసి, కట్టెపుల్లల్లా నిలబడ్డాయట. ముదీర్ శనివారం చూడడానికి వస్తున్నాడు. ఒక్క చెట్టు పోయినా మనిషిని మార్చేస్తానని తోట మేనేజరు ముందే చెప్పి ఉంచాడు. మార్చడమంటే మళ్ళీ సైటు, మళ్ళీ ఎండ. అతని గొంతు విన్నాక ఆ రోజు భోజనం సయించలేదు. మూడు చపాతీలతో లేచిపోయాను.

ఉపాయం నాదే. మాది చీరాల వైపు సముద్రతీరం. ఊరి చుట్టూ సరుగుడు తోటలే. సరుగుడు ఆకు కూడా సూదిలాగే ఉంటుంది. కళ్ళద్దాలు తీసి, కొంచెం దూరంగా నిలబడి, మంచి మనసుతో చూస్తే లార్చ్‌కీ సరుగుడుకీ తేడా కనిపించదు. ఐన్ ఖాలిద్‌లోని మా కంపెనీ నర్సరీలో సరుగుడు మొక్కలు వరసలు కట్టి ఉన్నాయి. ఆరు తీసుకెళ్ళి, చచ్చినవి పీకి, ఇవి నాటేస్తే సరి.

శుక్రవారం పొద్దున అయిదుంబావుకు బయలుదేరాను. బస్సు టిక్కెట్టు మామూలే. అక్టోబరు మొదటివారమైనా ఆ వేళకే ఒళ్ళంతా చెమట. నా ఒళ్ళో స్వెట్టరు, మఫ్లరు, కోతి టోపీ చూసి పక్క సీట్లోని సిరిసిల్ల మనిషి ఆగలేకపోయాడు.

"ఇంటికి వోతున్నవా అన్నా?"

చలిదేశానికి వెళుతున్నానని, మధ్యాహ్నం భోజనానికి తిరిగి వస్తానని చెప్పాను. అతను కాసేపు ఆలోచించాడు.

"వీసా ఎంతకు దొరికింది?"

ఆ దేశానికి వీసా అక్కర్లేదన్నాను. అతను నా వైపు జాలిగా చూసి, ఎండలో ఎక్కువ తిరగొద్దని చెప్పి తన స్టాపులో దిగిపోయాడు.

ఆరుంబావుకు నర్సరీ. మా కంపెనీ డ్రైవరు ఖాజా భాయ్ పికప్ తెచ్చి పెట్టుకున్నాడు. నిజామాబాద్ టౌను మనిషి. దఖ్ఖినీలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు, కోపం వస్తే తిరగేస్తాడు. మొక్కలు ఎక్కించి, వేళ్ళ దగ్గర తడిపిన గోనెసంచులు చుట్టి, పడిపోకుండా తాళ్ళు కట్టాం. ఇవి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. ముందు నన్ను చూశాడు, తర్వాత మొక్కల్ని చూశాడు.

"క్యా సాబ్, పిల్ల సచ్చిపోయిందని పక్కింటి పిల్లను దెచ్చి పండవెడ్తవా? కన్నోడు గుర్తువట్టడా?"

కన్నది ముదీర్ కాదు, ఫిన్లండ్ అని వాదించాను. ఇక పద అన్నట్టు యల్లా అని బండి తీశాడు.

ఏడింటికి అల్ ఘర్రాఫాలో ఆగి మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డు కూర, రెండు చిక్కటి కరక్ చాయ్‌లు. చాయ్ రియాలుకే వచ్చింది. ఆ పరోటా పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టి డెబ్భై దగ్గర ఆపేశాను, ఖాజా భాయ్ బండి హారన్ కొడుతున్నాడు కాబట్టి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినాలి. దాటితే పెట్రోలు బంకులో బిస్కెట్లే గతి.

అక్కడి నుంచి ఉత్తరానికి నేరుగా తారురోడ్డు. అటూ ఇటూ బల్లపరుపు నేల, గులకరాళ్ళు, అక్కడక్కడా ముళ్ళపొద, దూరంగా ఒంటెలు. దేశం మొదటి నుంచి చివరిదాకా గంటన్నర ప్రయాణం. డ్రైవరుకు ఒక్క తుమ్ము వస్తే సముద్రంలో తేలాల్సిందే. కాలక్షేపానికి పుస్తకం తీసి, ఇన్నాళ్ళకు నాలుగో పేజీ తెరిచాను.

నాలుగో పేజీ బాగానే ఉంది. స్ప్రూస్ అనే చెట్టు గోపురంలా కింద వెడల్పు, పైన మొన. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. మంచు ఎంత కురిసినా జారిపోతుంది, కొమ్మ విరగదు. ఆకు వెడల్పుగా ఉంటే నీళ్ళు ఆవిరైపోతాయని సూదిలా సన్నం చేసుకుంది, పైన మైనం పూసుకుంది. చలికాలంలో నేల గడ్డకడితే వేళ్ళకు చుక్క నీరు అందదు కదా, ఉన్న నీటిని దాచుకోవడానికి ఈ ఏర్పాటు. ఖాజా భాయ్‌కి చదివి వినిపించాను. చలిలోనూ నీళ్ళ కరువేనా అని అతను ఆశ్చర్యపోయాడు.

ఇంకో నాలుగు పేజీలు కదిలే బండిలోనే చదివాను. డెబ్భై పొరల పరోటా పైకి రావాలని చూసింది. పుస్తకం మూసేశాను. లార్చ్ సంగతి ఆ తర్వాతి పేజీల్లో ఎక్కడో ఉండిపోయింది.

ఎనిమిదిన్నరకు తోట గేటు. లచ్చన్న అప్పటికే గడ్డపార, పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. స్వెట్టరు, మఫ్లరు, కోతి టోపీ అక్కడే తొడుక్కుని నేనూ ఖాజా భాయ్ చలిగదిలోకి అడుగుపెట్టాం. బయట నలభై డిగ్రీలు, లోపల సున్నా. నా కళ్ళద్దాలు ఒక్కసారిగా తెల్లబడ్డాయి, పళ్ళు వాటంతటవే తబలా మొదలుపెట్టాయి. ఖాజా భాయ్ మీసం గడ్డకట్టిందని ప్రమాణం చేసి చెప్పగలను, అతనికి మీసం లేకపోయినా సరే.

అద్దాలు తుడుచుకుని చూస్తే చెట్లకు దుప్పట్లు కప్పి ఉన్నాయి. గల్ఫ్ నుంచి ఇంటికి పోయేవాళ్ళు కట్టకట్టి తీసుకెళ్ళే బరువైన దుప్పట్లు. ఒక స్ప్రూస్‌కి పులి బొమ్మది, ఇంకో స్ప్రూస్‌కి నెమలిది. కింద నేలబారుగా ఉన్న ఎర్రపళ్ళ పొదల మీద గులాబీలది. భార్యకు, అత్తకు, చెల్లెలికి అని లచ్చన్న కొనిపెట్టుకున్నవి.

"గోడమీద కాయితం రాసిపెట్టిండ్రు సారూ, వారానికింత సలి వెంచాలె, దీపాలు జల్ది బంద్‌జెయ్యాలె అని. అట్లనే జేసిన. ఇవి ఆరు సచ్చినయ్. మిగిలినయన్న బతకాలె గదా అని చెద్దర్లు గప్పిన."

ఆరు లార్చ్‌లు వరసగా బోడిగా నిలబడి ఉన్నాయి. కింద పసుపు సూదులు పరుపులా పరుచుకున్నాయి. నేను చూసినా పోయాయనే అనిపించింది. ఆలస్యం చేయకుండా మొదటి చెట్టు చుట్టూ తవ్వమన్నాను. లచ్చన్న తవ్వాడు. ఖాజా భాయ్ తవ్వాడు. నేను దిక్కులు చూపించాను.

వేళ్ళు పైకి తేలాయి. లోతుకు పోకుండా నేల పైపొరలోనే పక్కలకు పాకి ఉన్నాయి. కొసల మీద తెల్లటి బూజు దారాలు. కుళ్ళిపోయింది చూశారా అన్నాను. లచ్చన్న ఒక వేరు చిన్న ముక్క తుంచి వాసన చూశాడు. చెట్టు దగ్గరికి లేచి వెళ్ళి కొమ్మ మీద బొటనవేలి గోరుతో గీశాడు. పచ్చగా ఉంది. పైకొమ్మ గీశాడు. పచ్చ. రెండో చెట్టు, మూడో చెట్టు, ఆరూ పచ్చ. కొమ్మల మీద మిరియాల్లాంటి గోధుమరంగు బుడిపెలు ఉన్నాయి, గట్టిగా మూసుకుని. మొగ్గలు.

అతను మెల్లిగా నా వైపు తిరిగాడు.

"మా దిక్కు టేకు అడివి గిట్లనే బోడిగుండయితది సారూ. సచ్చిందని ఎవ్వలన్న పీకుతరా? నువ్వు జెప్తివని నమ్మిన. నువ్వు జెప్పకపోతే నాకు దెల్వదా?"

పుస్తకం తీసి వెతికాను. పదమూడో పేజీలో ఉంది లార్చ్. సూదాకులున్న చెట్లలో చలికాలానికి ఆకు రాల్చేది ఇదొకటి. పగటి పొద్దు తగ్గడం చూసి చలి వస్తోందని తెలుసుకుంటుంది. గడ్డకట్టే చలిలో ఆకులకు నీళ్ళు అందించలేదు గనుక, అందులోని సారాన్ని వెనక్కి లాక్కుని, ఆకుల్ని వదిలేస్తుంది. ఒళ్ళంతా చక్కెర పోగేసుకుంటుంది, గడ్డకట్టి పగలకుండా. ఆపైన కొన్ని నెలలు చలిలో నిద్రపోవాలి. ఆ చలి చాలకపోతే వసంతంలో మొగ్గ సరిగా విప్పదు. వేళ్ళ మీది బూజు దాని స్నేహితుడు, నేలలోంచి తిండి తెచ్చిపెడుతుంది.

అంతా పైకి చదివాను. చదవడం పూర్తయ్యాక, ఆకు రాల్చదన్న మాట పుస్తకంలో లేదని, నేనే అన్నానని ఒప్పుకున్నాను. ఆ చలిలో కూడా నా చెవులు వేడెక్కాయి. లచ్చన్న తిట్టలేదు. కింద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. లేచేటప్పటికి ముఖంలో సగం మనిషి తిరిగి వచ్చాడు.

ఖాజా భాయ్ మాత్రం ఊరుకోలేదు. "పాడె కట్టెలు దెచ్చినంక మనిషి లేసి చాయ్ అడిగినట్టుంది సాబ్. ఇప్పుడు గీ ఆరు కట్టెలు ఏంజేద్దాం?"

ముందు మట్టి కప్పాం. స్ప్రూస్‌ల మీది పులినీ నెమలినీ తీసేశాం, వాటికీ చలి కావాలి కాబట్టి. పదకొండుంబావుకు ఖాజా భాయ్ జుమా నమాజుకని పికప్‌తో సహా దగ్గరి ఊరి మసీదుకు పోయాడు. సరుగుడు మొక్కలు బండిలోనే ఉన్నాయి. వాటిని దింపుకోవాలన్న ఆలోచన మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు. ఈ ప్రయాణంలో జరిగిన అసలు తప్పు అదే.

పన్నెండున్నరకు పికప్ తిరిగి వచ్చింది. దాని వెనక ఓడంత తెల్లటి కారు. ముదీర్ ఒకరోజు ముందే వచ్చి అదే మసీదులో నమాజు చేశాడు. తన తోట పనులు చూసే కంపెనీ బండి, అందులో ఆరు మొక్కలు చూశాడు. ఎక్కడికని అడిగాడు. ఖాజా భాయ్ నోరు తెరవకుండా చేత్తో ఉత్తరం చూపించాడు. ఆయన వెనకే వచ్చాడు.

ముదీర్ పల్చటి తెల్లని దుస్తుల్లోనే నేరుగా చలిగదిలోకి నడిచాడు. బోడి చెట్ల ముందు ఆగాడు. కదిలిన మట్టి చూశాడు. పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు హిందీ బాగానే వచ్చు. ఇక్కడ ఏం తవ్వారని అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. వేళ్ళకు గాలి ఆడడం కోసమని, అది ఆంధ్రతీరపు ప్రాచీన పద్ధతి అని, సరుగుడు మొక్కలు తోటకు మా కంపెనీ కానుక అని, మూడు వాక్యాలు నాలుక చివర వరసగా నిలబడ్డాయి.

లచ్చన్న నాకంటే ముందే మాట్లాడాడు. అతని హిందీలో క్రియాపదాలు తక్కువ, అరబ్బీ రెండు ముక్కలు. అయినా ఒక్క మాట దాచలేదు. చెట్లు చచ్చాయనుకున్నాను, పీకి వేరేవి పెడదామనుకున్నాం, తవ్వితే బతికే ఉన్నాయి, మళ్ళీ కప్పాం, నాదే తప్పు. ఇంతే. నా పేరు ఎక్కడా రానివ్వలేదు.

నేను ఇక తట్టుకోలేక, ఆకు రాల్చదని చెప్పింది నేనేనని బయటపెట్టాను. బహుశా నా జీవితంలో అలంకారం లేకుండా చెప్పిన మొదటి వాక్యం అది.

ముదీర్ లార్చ్ కొమ్మ పట్టుకుని మొగ్గ మీద వేలు పెట్టాడు. అప్పుడు నవ్వాడు. ఫిన్లండ్‌లో మొదటి ఏడు, తన గది కిటికీ ఎదుట ఇలాంటి చెట్టే ఉండేదట. అది ఆకు రాల్చినప్పుడు చచ్చిపోయిందని నమ్మి, దోహాలో ఉన్న తల్లికి ఫోన్ చేసి ఏడ్చాడట. ఇక్కడి నుంచి వచ్చినవాడికి ఆ తప్పు రాకుండా ఎలా ఉంటుందన్నాడు. ఈ హాలు కట్టించింది పచ్చ చెట్ల కోసం కాదు, ఇదిగో ఇలా బోడిగా నిలబడడం చూడడానికే అన్నాడు. రెండేళ్ళు యంత్రాలు సరిగా పనిచేయక చలికాలం రానే లేదట, ఇదే మొదటిసారి.

ఆ తర్వాత నేలబారు పొదల మీద, మేం తీయడం మరిచిపోయిన గులాబీ దుప్పటి చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అక్కడ ఈ పొదలు చలికాలమంతా మంచు కిందే పడుకుంటాయట. పైన మంచే వాటికి దుప్పటి, అది లేకపోతే చలిగాలికి ఎండిపోతాయట. తన హాల్లో మంచు కురవదు కాబట్టి దీన్ని ఇలాగే ఉంచమన్నాడు. పుస్తకం చదవని లచ్చన్న మూడింట ఒకటి సరిగ్గా చేశాడు. చదివానన్న నేను ఒక్కటీ చేయలేదు.

ఈలోగా ముదీర్ పెదవులు నీలం రంగుకు తిరిగాయి. లచ్చన్న గబగబా పోయి పులి దుప్పటి తెచ్చి ఆయన భుజాల మీద కప్పాడు. ఆయన వద్దనలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, వీపు మీద పులితో ఆరు బోడి చెట్ల ఎదుట ముప్పావుగంట కూర్చున్నాడు. వెళ్ళేముందు మేనేజరుకు ఫోన్ చేసి, ఈ మనిషిని ఇక్కడి నుంచి కదపొద్దని మా ఎదుటే చెప్పాడు. ఈ చెట్లకు వసంతం వచ్చేదాకా కాదు, ఇంకో మూడు చలికాలాల దాకా. సరుగుడు మొక్కల్ని మాత్రం తన అడవి గడప తొక్కనివ్వొద్దన్నాడు.

రెండుంబావుకు మేం ముగ్గురం లచ్చన్న గదిలో పప్పు, అన్నం, నిమ్మకాయ పచ్చడి తిన్నాం. ఆ పప్పు రుచికి నేను నాలుగుసార్లు పెట్టించుకున్నాను. ఈ అంకెలో అతిశయోక్తి లేదు, ఖాజా భాయ్ సాక్షి. మూడింటికి బయలుదేరుతుంటే లచ్చన్న పికప్ తలుపు దాకా వచ్చాడు.

"ఎండల జాగర్త సారూ. ఒక్క మాట చెప్త, కోపం జెయ్యకు. ఏదన్న దెల్వకపోతే, దెల్వదని చెప్పు. మేం నిన్ను చిన్నగ జూడం."

తలూపాను. అతను తిరిగి తన చలికాలంలోకి పోయాడు, మఫ్లరు సర్దుకుంటూ.

వచ్చిన దారే, ముళ్ళపొదలు అవే, ఒంటెలు కూడా అవేనేమో. కాకపోతే పొద్దున ఆ ముళ్ళపొదల్ని ఎండిపోయినవని అనుకున్నాను. ఇప్పుడు బండి ఆపించి ఒక దాని మీద గోరుతో గీశాను. అది కూడా పచ్చే. వెళ్ళదలచుకున్నవాళ్ళకు నా సలహా: స్వెట్టరు మరిచిపోవద్దు, అల్ ఘర్రాఫాలో పరోటా మరిచిపోవద్దు, మొక్కలు పట్టుకెళ్ళొద్దు. వెనక ఆరు సరుగుడు మొక్కలు గాలికి ఊగుతూ, మా ఊరి తోటల్లోలాగే సముద్రం చప్పుడు చేస్తున్నాయి.

దోహా మేడలు కనిపించే వేళకు ఖాజా భాయ్ అడిగాడు, ఆ బోడి చెట్లకు మళ్ళా ఆకులు ఎప్పుడొస్తాయని. తేదీ, వారం, గంట, నిమిషం నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

"నాకు తెలియదు భాయ్. పుస్తకం చూసి చెబుతాను" అన్నాను.

అతను బండి పక్కకు తీసి ఆపాడు. నా నుదుటి మీద అరచేయి పెట్టి చూశాడు.

"సాబ్, సలి గట్టిగ తగిలింది నీకు."